నోరు తెరవని పెద్దామె

చంద్రకళకు తమిళం రాదు. అయినా రెండేళ్ళుగా ప్రతి శనివారం పొద్దున తమిళ సంఘం వంటశాలకు వెళ్ళి ఉల్లిపాయలు కోసి వస్తోంది.

వంటశాల అంటే డబ్లిన్ శివారులో శాండీఫోర్డ్ దగ్గర ఒక చర్చి వాళ్ళు అద్దెకిచ్చే హాలు, దాని వెనక ఉన్న పొడుగాటి వంటగది. అక్కడ వండిన సాంబారన్నం, కూర డబ్బాల్లోకి ఎక్కి సాయంత్రానికి డబ్లిన్ నడిబొడ్డుకు చేరేది. ఆఫీసులు ఏటేటా కొత్త అంతస్తులు లేపుకుంటున్న రోజులవి. అద్దెలు కట్టలేక పేవ్‌మెంట్ల మీద స్లీపింగ్ బ్యాగుల్లో పడుకునేవాళ్ళు కూడా అదే లెక్కన పెరిగారు. సంఘం వాళ్ళు ఆ డబ్బాలు వాళ్ళకు పంచేవారు. కొన్ని డబ్బాలు పక్కన పెట్టి, ఆసుపత్రుల్లో ఉన్న తమిళ రోగులకు తీసుకెళ్ళేవారు. తీసుకెళ్ళినవాళ్ళు ఒక గంట పక్కన కూర్చుని కబుర్లు చెప్పి రావాలి. ఈ పనులన్నీ చూసుకునేది దేవమణి. నాగర్‌కోయిల్ ఆవిడ, శాండీఫోర్డ్‌లో బ్యాంకు ఉద్యోగం, చెర్రీవుడ్ అపార్ట్‌మెంట్లలో చంద్రకళకు పక్క తలుపు.

చంద్రకళ ఈ పనిలోకి రావడానికి కారణం కూడా దేవమణే. నల్లగొండ నుంచి వచ్చిన మొదటి ఏడు చంద్రకళకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. భర్త మహీధర్ ఆఫీసు పని మీద జర్మనీలో ఉన్నాడు. కూతురు సుధేష్ణ చిన్నది. అప్పటికి ముఖపరిచయం మాత్రమే ఉన్న దేవమణి, అడగకుండానే రోజూ సాయంత్రం తలుపు కొట్టి రసం, అన్నం ఇచ్చి వెళ్ళింది. చంద్రకళ కోలుకున్నాక ఏదైనా చేయాలనుకుంది. ఏం చేయాలో అడిగితే దేవమణి నవ్వి, శనివారం ఒక కత్తి పట్టుకుని రమ్మంది.

వంటశాలలో అందరూ మంచివాళ్ళే. కానీ మాటలు తమిళంలో సాగేవి. ఒకరు జోకు వేస్తే అందరూ నవ్వేవారు. ఎవరో జాలిపడి ఇంగ్లీషులో చెప్పాక చంద్రకళ ఆలస్యంగా నవ్వేది. దానికి తోడు ఒక పుట్టినరోజు పార్టీలో కొండల్ రావు అనే పెద్దమనిషి, "ఆ కష్టమేదో మనోళ్ళకు చెయ్యరాదా చెల్లె?" అన్నాడు. అది ఆమెకు నచ్చలేదు గానీ, మనసులో ఒక మూల ఉండిపోయింది. ఉగాది దాటాక మానేస్తానని మహీధర్‌తో అంది. అతను సరేనన్నాడు.

ఆ ఏడు జనవరిలో, పొంగల్ సంబరాల రోజున, జ్ఞానేశ్వరి అనే పెద్దావిడ అదే హాల్లో ముందు వరసలో కూర్చుని, చేతిలోని ప్లేటు జారిపోగా పక్కకు ఒరిగి కింద పడిపోయింది. కోడలి పురుడు పోయడానికి మధురై నుంచి వచ్చి నాలుగు నెలలైనా కాలేదు. కొడుకు కృష్ణ మూర్తి మందుల ఫ్యాక్టరీలో ఇంజినీరు. కాపురం డబ్లిన్‌కు గంట దూరంలో ఉన్న నేవన్‌లో. సంఘం పండుగ చూపిద్దామని తల్లిని, భార్యను, పసిపాపను అంత దూరం తీసుకొచ్చాడు. అంబులెన్సు ఆమెను దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట పోయింది.

నేవన్ నుంచి రోజూ రావడం కృష్ణ మూర్తికి కుదరలేదు. ఇంట్లో బాలింత, పసిబిడ్డ. మన హాల్లో పడిపోయిన మనిషి, మనమే చూసుకోవాలి అని దేవమణి వంతులు వేసింది. రోజుకొకరు మెత్తగా కలిపిన రసం అన్నం పట్టుకెళ్ళి కూర్చునేవారు. చంద్రకళకు వంతు వేయలేదు. భాష రాని మనిషి రోగి పక్కన కూర్చుని ఏం లాభమని ఆమె కూడా అడగలేదు.

వారాలు గడిచాయి గానీ పెద్దావిడ తేరుకోలేదు. మొదట్లో ఏవో గొణిగేది. మాట ముద్దగా ఉండేది. ఆసుపత్రి వాళ్ళు ఫోన్లో తమిళ దుబాసీని పిలిపిస్తే, ఆ మనిషి విని, ఇవి మాటల్లా లేవు అన్నాడు. కృష్ణ మూర్తికీ అలాగే వినిపించింది. స్ట్రోక్ తర్వాత మాట ఇలా చెదిరిపోతుందని డాక్టర్లు చెప్పారు. తన మాట ఎవరికీ అందడం లేదని తెలిశాక కాబోలు, ఆమె గొణగడం కూడా మానేసింది. తర్వాత తిండి మానేసింది. చెంచా చూస్తే చాలు, గోడవైపు తిరిగి పెదాలు బిగించేది. ఎవర్నీ నోరు చూడనిచ్చేది కాదు. దిగులుతో ఇలా చేస్తోందని అందరూ అనుకున్నారు. ఇంకో వారం చూసి ముక్కులోంచి గొట్టం వేస్తామని డాక్టరు కొడుకుతో చెప్పింది.

మార్చి మొదట్లో మంచు తుఫాను వచ్చింది. ఐర్లండ్‌లో అంత మంచు చూసి చాలా ఏళ్ళయిందట. అంగళ్ళలో బ్రెడ్డు అయిపోయింది. ఆఫీసులు మూశారు. బస్సులు, లువాస్ ట్రాములు ఆగిపోయాయి. ఇల్లు కదలొద్దన్న హెచ్చరిక తీసేసిన మర్నాడు శనివారం. హెచ్చరిక పోయింది గానీ మంచు పోలేదు. ఆ రోజు వంట లేదు. పొద్దున దేవమణి తలుపు కొట్టింది. ఆమె చీలమండకు కట్టు ఉంది. ముందురోజు మెట్ల మీద జారిందట.

పెద్దావిడ దగ్గరికి మూడు రోజులుగా ఎవరూ వెళ్ళలేకపోయారు. కొడుకు కారు నేవన్‌లో మంచులో కూరుకుపోయింది. ఆసుపత్రికి నడిచి వెళ్ళగలిగేంత దగ్గర్లో ఉన్నది తామిద్దరే. దేవమణి నడవలేదు. ఆమె ఇవన్నీ ఇంగ్లీషులో, మొహమాటపడుతూ చెప్పి, "నువ్వు మాట్లాడక్కర్లేదు. ఊరికే కూర్చో. మనిషి వచ్చిందని ఆమెకు తెలిస్తే చాలు," అంది.

చంద్రకళ రసం పెట్టింది. మహీధర్ కిటికీలోంచి బయటికి చూసి, "గింత మంచుల నువ్వొక్కదానివే పోవుడు అవసరమా?" అన్నాడు. తనూ వస్తానన్నాడు. సుధేష్ణను ఒంటరిగా వదలలేక ఆగిపోయాడు. సుధేష్ణ మాత్రం తన స్కూలు బూట్లకంటే అమ్మ బూట్లు అన్యాయంగా ఉన్నాయని ఇంగ్లీషులో చెప్పి, నాన్న కొండలెక్కే బూట్లు తెచ్చి ఇచ్చింది. వాటిలో రెండు జతల మేజోళ్ళు కూరుకుని చంద్రకళ బయల్దేరింది.

రోడ్డుకు, ఫుట్‌పాత్‌కు తేడా తెలియలేదు. ట్రాక్టరు ఒకటి నడిరోడ్డున మంచు నెడుతూ పోయింది. దాని చక్రాల జాడలో ఆమె నడిచింది. ఎదురొచ్చిన వాళ్ళందరూ, ముక్కూ మొహం తెలియకపోయినా ఆగి పలకరించారు. ఆసుపత్రికి చేరేసరికి మోకాళ్ళ దాకా తడిసింది.

వార్డులో షివాన్ అనే నర్సు ఉంది. రెండు రాత్రులుగా ఆసుపత్రిలోనే నిద్రపోతున్నదని ఆమె కళ్ళే చెప్పాయి. చంద్రకళను చూసి ఆశ్చర్యపోయి, రేడియేటరు పక్కన కుర్చీ వేసి, మేజోళ్ళు ఆరేసుకోమంది.

జ్ఞానేశ్వరి కిటికీ పక్క మంచం మీద ఉంది. చిన్న మనిషి. పొంగల్ రోజున చూసిన నిండు మొహం ఎండిపోయి, చెంపలు లోపలికి పోయాయి. చంద్రకళ నమస్కారం పెట్టింది. తమిళంలో వణక్కం అనొచ్చని తర్వాత తట్టింది. ఆమె ఒకసారి చూసింది. చంద్రకళ డబ్బా మూత తీసింది. ఇంగువ, మిరియాల వాసనకు పక్క మంచం మీది ఐరిష్ ముసలావిడ కూడా తల తిప్పి చూసింది. చెంచాతో కొంచెం అన్నం తీసి నోటి దగ్గరకు తీసుకెళ్ళేసరికి, పెద్దావిడ మొహం గోడవైపు తిప్పేసుకుంది.

చంద్రకళ చెంచా పట్టుకుని అలాగే నిలబడింది. కాళ్ళు చల్లగా, బరువుగా ఉన్నాయి. ఎవరితోనో అన్నట్టు కాదు, తనలో తానే అనుకున్నట్టు అంది:

"గింత మంచుల నడిచొచ్చిన. ఒక్క ముద్దన్న తినరాదా అమ్మా."

గోడవైపు ఉన్న తల మెల్లగా ఇటు తిరిగింది. పెద్దావిడ కళ్ళు చంద్రకళ మొహం మీద ఆగాయి. చాలాసేపు చూసింది. పెదాలు కదిలాయి, ఒక పక్కకు లాగినట్టు.

"బువ్వ ఒద్దు," అంది.

తను సరిగ్గా విన్నదో లేదో చంద్రకళకు అర్థం కాలేదు. తమిళంలో అలాంటి మాట ఏదైనా ఉందేమో అనుకుంది. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుని, ఎందుకొద్దని నెమ్మదిగా తెలుగులోనే అడిగింది.

"నొస్తా ఉండాది."

"ఏడ నొస్తున్నదమ్మా?"

పెద్దావిడ ఎడమ చెయ్యి ఎత్తింది. పట్టు తప్పిన కుడి చెంప మీద, దవడ కింద వేలు పెట్టింది. "పన్ను," అంది. ఆ మాట సగమే వచ్చింది. మళ్ళీ అంది. తర్వాత కళ్ళలోంచి నీళ్ళు కారాయి, ఏడుపు చప్పుడేమీ లేకుండా. "చెప్తానే ఉండాను. ఎవురికీ తెలియలే."

చంద్రకళ ఆమె చేతిని పట్టుకుంది. బువ్వ, నొచ్చుడు. ఇవి నల్లగొండలో వాళ్ళ అమ్మమ్మ మాట్లాడిన మాటలు. ఆఫీసులో తెలుగువాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ మాటలను ఆమె ఎప్పుడో దిద్దుకుంది, పక్కకు పెట్టింది. ఇక్కడ, ఈ మధురై ఆవిడ నోట, ముద్దగా, వంకరగా, అవే మాటలు వచ్చాయి. నోరు తెరిచి చూపించమని అడిగింది. పెద్దావిడ కాసేపు ఆలోచించి, నోరు తెరిచింది.

చంద్రకళ షివాన్‌ను పిలిచింది. షివాన్ చిన్న టార్చి వేసి చూసింది. లోపలి దవడ పన్ను ఒకటి విరిగి ఉంది. ఆ రోజు పడిపోయినప్పుడే విరిగి ఉండాలి. దాని అంచు చెంప లోపల కోసుకుని, అక్కడ పెద్ద పుండు పడింది. పట్టులేని వైపు కావడంతో అన్నం మెతుకులు అక్కడే చేరి, ప్రతి ముద్దా కారం పెట్టినట్టు మండుతోంది. షివాన్ పెద్దావిడ నుదుటి మీద చెయ్యి వేసి, క్షమించమని ఇంగ్లీషులో అంది. ఆ ఒక్క మాటకు మాత్రం దుబాసీ అవసరం పడలేదు.

మంచుకు చిక్కుకుపోయి ఆసుపత్రిలోనే ఉన్న డ్యూటీ డాక్టరు వచ్చి, పుండు మీద మొద్దుబార్చే మందు రాసింది. అరగంట ఆగి చంద్రకళ రసం అన్నాన్ని ఇంకా మెత్తగా చేసి, ఎడమవైపు నుంచి పెట్టింది. పెద్దావిడ మింగింది. ఇంకోటి మింగింది. డబ్బాలో సగం అయ్యాక చాలని చెయ్యి అడ్డం పెట్టి, చంద్రకళ తడి మేజోళ్ళ వైపు చూసి, "జలుబు చేస్తాది," అంది.

ఆ సాయంత్రం దేవమణి వంటింట్లో కూర్చుని చంద్రకళ జరిగింది చెప్పింది. దేవమణి చాలాసేపు తల పట్టుకుంది. తన ఊరు దక్షిణాన చివర, అక్కడ తెలుగు వినపడదు. అయినా నెలన్నరగా పక్కన కూర్చుని, అదొక భాష అని కూడా గుర్తుపట్టలేకపోయానే అని బాధపడింది. మధురై వైపు, సేలం వైపు తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్నో తరాలుగా ఉన్నాయని ఆమెకు తెలుసు. ఈవిడ అలాంటి ఇంటి మనిషని మాత్రం ఎవరూ చెప్పలేదు.

సోమవారం దంతవైద్యుడు ఆ పన్ను తీసేశాడు. గొట్టం మాట మళ్ళీ రాలేదు. రోడ్లు తెరుచుకోగానే కృష్ణ మూర్తి వచ్చాడు. తల్లి పెరుగన్నం తింటూ చంద్రకళతో మాట్లాడుతుంటే గుమ్మంలోనే ఆగిపోయాడు. మొదట సంతోషంతో నవ్వాడు. కాసేపటికి నవ్వు తగ్గింది. చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో ఆ భాష విన్న గుర్తు లీలగా ఉందన్నాడు. అమ్మమ్మ తను ఒకటో తరగతిలో ఉండగానే పోయింది. తమ ఇంట్లో అమ్మ ఒక్క తెలుగు మాట అనగా తను వినలేదు.

"నాకే అర్థం కాకుండా మా అమ్మ మాట్లాడుతోంది. నేను గొణుగుడు అనుకున్నాను," అన్నాడు ఇంగ్లీషులో. కారిడార్‌లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఆ రోజు నుంచి చంద్రకళ ఆఫీసు అవగానే ఆసుపత్రికి వెళ్ళడం మొదలుపెట్టింది. స్పీచ్ థెరపిస్టు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, గ్లాసు, దువ్వెన, కిటికీ చూపిస్తూ పేర్లు అడిగించేది. పక్షవాతం వచ్చాక కొందరికి తర్వాత నేర్చిన భాష పోయి, మొదట నేర్చిన భాషే మిగులుతుందని ఆమే చెప్పింది. పెద్దావిడ మాట రోజురోజుకూ తేటపడింది. అప్పుడప్పుడు చంద్రకళకు తెలియని మాట వాడేది, ఇద్దరూ ఆగి దాని అర్థం చేతులతో వెతుక్కునేవారు. చంద్రకళ కూడా తన అసలు యాసలోనే మాట్లాడేది. దిద్దుకోవలసిన అవసరం అక్కడ లేదు.

ముక్కలు ముక్కలుగా కథ బయటికొచ్చింది. జ్ఞానేశ్వరి పుట్టింటివాళ్ళు మగ్గం నేసేవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పదిహేడేళ్ళకు పెళ్ళయింది. తండ్రి స్నేహితుడి కొడుకే గానీ, అది తమిళం తప్ప మరోటి తెలియని ఇల్లు. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె తల్లితో తెలుగులో మాట్లాడుతుంటే, తమకు తెలియని భాషలో తమ మీద చాడీలు చెప్పుకుంటున్నారని అత్త గొడవ చేసింది. భర్త సర్దిచెప్పలేదు. ఇంకెప్పుడూ ఆ భాష ఈ ఇంట్లో వినపడకూడదన్నాడు. ఆమె సరేనంది. తల్లి పోయాక మాట్లాడడానికి మనిషే లేకపోయింది.

"వాడికి నేర్పలే నేను," అంది ఒక సాయంత్రం. "పాలిచ్చేటప్పుడు చెవిలో చెప్తా ఉంటి, ఎవురూ లేనప్పుడు. పలుకు రాగానే ఆపేస్తి. వాడు బయట అనేస్తాడని బయం."

సరిగ్గా అప్పుడే కృష్ణ మూర్తి వచ్చాడు. తల్లి కళ్ళు తుడుచుకోవడం చూసి, ఏమంటోందని చంద్రకళను అడిగాడు. చంద్రకళ పెద్దావిడ వైపు చూసింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

చెప్పడం తేలిక. కొడుకుకు హక్కు ఉంది కూడా. కానీ ఆ మాటలు తనను నమ్మి ఇచ్చినవని చంద్రకళకు అనిపించింది. "పాత సంగతులు. వాటిని ఆమే మీకు చెప్పాలి, నేను కాదు. ఇంకొంచెం కోలుకోనివ్వండి," అంది. కృష్ణ మూర్తి మొహం ముడుచుకుంది. ఆ తర్వాత కొన్ని రోజులు ఆమెతో ముక్తసరిగా మాట్లాడాడు. అది ఆమెకు కష్టంగానే ఉంది. అయినా మాట మార్చుకోలేదు.

ఏప్రిల్‌లో తమిళం తిరిగొచ్చింది. ఒకరోజు చంద్రకళ వెళ్ళేసరికి పెద్దావిడ దేవమణితో తమిళంలో మాట్లాడుతోంది, తడబడుతూనే గానీ ఆపకుండా. దేవమణి కళ్ళు మెరుస్తున్నాయి. తర్వాతి వారం చంద్రకళను కూడా ఆమె తమిళంలోనే పలకరించింది. తను ఏ భాషలో మాట్లాడుతున్నదీ గమనించలేదు. చంద్రకళ పాత రోజుల్లో వంటశాలలో నవ్వినట్టు నవ్వింది. మనిషి కోలుకుంటోంది, అదే కావలసింది. అయినా ఇంటికి నడుస్తూ, పెద్దావిడ నోట విన్న తెలుగు మాటలను తనలో తానే అనుకుంది. మహీధర్‌తో చెబితే, "నీ పని అయిపోయినట్టే గదా, మంచిదే," అన్నాడు. ఆమె అవునంది. ఉగాది ఎప్పుడో దాటిపోయింది, వంటశాల మానేయడం గురించి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

నెలాఖరుకు జ్ఞానేశ్వరిని ఇంటికి పంపారు. చేతికర్రతో నాలుగడుగులు వేస్తోంది. మే నెలలో ఒక ఆదివారం కృష్ణ మూర్తి ఫోన్ చేసి, అమ్మ రమ్మంటోందని, అందరూ భోజనానికి రావాలని చెప్పాడు. గొంతులో పాత బిగువు లేదు.

నేవన్‌లో వాళ్ళ ఇల్లు ఒకేలాంటి ఇళ్ళ వరసలో ఉంది. వెనక చిన్న పెరడు. ఎండ కాస్తోంది. దేవమణి, మహీధర్ లోపల కృష్ణ మూర్తి భార్యకు వడ్డనలో సాయం చేస్తున్నారు. సుధేష్ణ పసిపాపను ఎత్తుకుని పెరడంతా తిప్పి, అలిసిపోయి, తెచ్చి పెద్దావిడ ఒళ్ళో పడుకోబెట్టింది. పాప ఏడుపందుకుంది. జ్ఞానేశ్వరి ఎడమ చేత్తో పాపను దగ్గరికి తీసుకుని ఊపుతూ మెల్లగా అంది:

"ఏడవద్దే బంగారు. అవ్వ ఈడే ఉండాది. యాడికీ పోదు."

గొంతు తగ్గించలేదు. చుట్టూ ఎవరున్నారో చూసుకోలేదు. పక్కనే కుర్చీలో కొడుకు ఉన్నాడు. కోడలు గుమ్మంలో ఉంది. పాప ఊరుకుంది. పెద్దావిడ ఇంకా ఏదేదో చెబుతూనే ఉంది, తెలుగులోనే.

కృష్ణ మూర్తి చంద్రకళ వైపు వంగాడు. "ఏమంటోంది?"

"ఆమె పక్కనే ఉన్నారు గదా. ఆమెనే అడగండి," అంది చంద్రకళ.

అతను కుర్చీ తల్లి దగ్గరకు జరుపుకుని, తమిళంలో అడిగాడు. జ్ఞానేశ్వరి కొడుకు మొహంలోకి చూసింది. ముందు పాపతో అన్న మాటకు అర్థం చెప్పింది. అక్కడితో ఆగలేదు. తడుముకుంటూ, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ, తమిళంలో చెప్పుకుంటూ పోయింది. చంద్రకళకు అందులో తెలుగులో దొర్లిన మగ్గం అన్న మాట, అమ్మ అన్న మాట తప్ప ఏమీ అర్థం కాలేదు. కృష్ణ మూర్తి ఒకసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఒకచోట తల్లి ఆగి, పాప చెవి దగ్గర పెదాలు పెట్టి ఎలా చెప్పేదో చూపించింది.

చంద్రకళ లేచి, వాళ్ళిద్దరినీ అక్కడే వదిలి, వడ్డనలో సాయం చేయడానికి లోపలికి వెళ్ళింది. కాసేపటికి పెరట్లోంచి కృష్ణ మూర్తి గొంతు వినిపించింది. బంగారు అన్న మాటను తల్లి వెనకే పలుకుతున్నాడు. తల్లి దిద్దుతోంది.